నిలిచిన బండి వణకుట: పొగ కవాటముల నిదానము



నేటి ప్రసంగమునకు విషయము మోటారుబండి. ముప్పదియైదేండ్లు బడిలో సంధులును సమాసములును జెప్పిన పంతులు మోటారును గూర్చి మాటలాడుట యేమని మీలో గొందఱికి నవ్వు రావచ్చును. నిజమే, నేను మిస్త్రీని గాను, బండి నడుపుటయు నెఱుగను. కాని చిన్ననాడు మా గురువుగారు తర్కశాస్త్రము చెప్పుచు, కొండమీది పొగను జూచి నిప్పున్నదని యూహించు విధమును మాచేత పలుమాఱులు వల్లె వేయించిరి. అఱువది యేండ్లు దాటిన పిదప ఆ పాఠము నాకు ఒక బండిపొగ యెదుట అక్కఱకు వచ్చినది. ఆ వృత్తాంతము మొదట మనవి చేసి, పిదప దాని యందలి శాస్త్రమును జెప్పెదను.

మా యన్నగారి కుమారుడు దేవరకొండ ప్రాంతమున నాలుగెకరముల బత్తాయితోట చేసికొని బ్రదుకుచున్నాడు. తన కాయయు, ఇరుగుపొరుగువారి కాయయు హైదరాబాదు బజారునకు జేరవేయుటకై పాతదొక డీజిలు సామానుబండిని కొన్నాడు. అది భారత్ స్టేజి 4 నాటి బండి. రెండేండ్లు బాగుగనే నడచినది. తరువాత నొక దోషము మెల్లమెల్లగా బయలుదేఱినది. రోడ్డుమీద పోవునంతసేపు, బరువుతో ఎత్తెక్కునపుడు కొంత యీడ్చినట్లుండుట తప్ప, పెద్ద లోపము కనబడదు. ఆక్సిలేటరు మీదినుండి కాలు తీసినంతనే చలిజ్వరము వచ్చిన మనిషివలె బండి గడగడ వణకును. వెనుక నల్లని పొగ విడుచును. ఒకనాటి రాత్రి లోడుతో పోవుచుండగా, ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట, ఎదుటి బండికై వేగము తగ్గింపగనే ఇంజను నడిరోడ్డున నాగిపోయెను. వెనుక వచ్చుచున్న లారీ వెంట్రుకవాసిలో తప్పినది.

మఱునాడు ఒక మిస్త్రీకి జూపింపగా, అతడు పొగను జూచి, ఇంజను చప్పుడు విని, మఱి యే పరీక్షయు లేకయే, "పిస్టను రింగులు అఱిగిపోయినవి. ఇంజను విప్పి బోరు చేయింపవలెను. 70,000 రూపాయలు కావలెను" అనెను. మావాడు నాయొద్దకు వచ్చి కూర్చుండి, "చిన్నాయనా! పాడిగేదెలు రెండును అమ్మెదను. బండి లేనిదే కాయ దళారి చెప్పిన ధరకే పోవును" అనెను. "నాలుగు దినములు తాళుము నాయనా. రోగమేదో తెలియకమునుపే కత్తికోత యేల?" అని నేను వానిని వెంటబెట్టుకొని కల్వకుర్తికి బోతిని. అచ్చట నాయొద్ద చదివిన శిష్యుడొకడు మోటారు కార్ఖానా పెట్టియున్నాడు. ఇక చెప్పబోవునదంతయు ఆ శిష్యునివలన నేను నేర్చుకొన్న పాఠమే.

ఇంజను ఊపిరి పీల్చి విడుచు ప్రాణి వంటిది. గాలిని లోనికి తీసికొనును, దానిని నొక్కును, ఇంధనముతో గూర్చి మండించును, ఆ పొగను వెలుపలికి నెట్టును. ఈ నాలుగు పనులును క్రమము తప్పక జరుగుచుండుటయే దాని బ్రదుకు. బండి నిలిచియుండగా ఇంజను తన్ను తాను మాత్రము త్రిప్పుకొనుచుండు స్థితిని మిస్త్రీలు "స్లో" అందురు. అప్పుడది నిమిషమునకు ఇంచుమించు 700 మొదలు 900 చుట్లు తిరుగును. రోడ్డుమీద 2,000, 3,000 చుట్లు తిరుగునపుడు చిన్న లోపమున్నను ఆ వేగమున నడగిపోవును. స్లోలో లోనికి బోవు గాలియు స్వల్పము, ఇంధనమును స్వల్పము, పుట్టు మంటయు స్వల్పము. అంత కొద్దిపాటి మంటకు ఏ చిన్న యంతరాయము వచ్చినను అది తడబడును. దున్నుచున్న యెద్దు ఈగను లక్ష్యపెట్టదు; గాటికడ నిలిచిన యెద్దు తోక విసరుచునే యుండును గదా.

ఇక ఈ పొగ కవాటములను గూర్చి. కవాటమనగా తలుపు, మిస్త్రీలు వాల్వు అందురు. నేటి బండ్లలో గాలి చెడకుండుటకై పెట్టిన కవాటములలో ముఖ్యమైనది "ఈ.జీ.ఆర్. వాల్వు" అనునది. దాని పని, వెలుపలికి బోవు పొగలో గొంత భాగమును మరల ఇంజను లోనికే పంపుట. మొదట విన్నపుడు నాకిది వింతగా దోచినది. విడిచిన ఊపిరినే మరల పీల్చుమనుట న్యాయమా యని శిష్యుని నడిగితిని. వాడు చెప్పిన కారణమును మన యింటి మాటలలో జెప్పెదను.

అగ్గిపెట్టె సులభముగా దొరకని కాలమున మన యవ్వలు కుంపటిలోని నిప్పుపై బూడిద కప్పి యుంచెడివారు. నివురు గప్పిన నిప్పు ఆఱిపోదు, భగ్గున మండదు. దాని వేడి యడగియుండును. పొగయు నట్లే. అది ఒకమాఱు మండిపోయిన వస్తువు, మరల మండదు. దానిని గాలిలో గలిపినచో లోపలి మంటకు నివురు గప్పినట్లై, మంట వేడి తగ్గును.

వేడి తగ్గింపవలసిన యవసరమేమి? మనము పీల్చు గాలిలో 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. సాధారణముగా ఈ రెండును ఒకదానితో నొకటి కలియవు. కాని మిక్కిలి వేడియందు గలియును. పిడుగు పడునపుడు ఆకాశమున జరుగునది యిదియే. ఇంజనులోని మంటయందును అదే జరిగి నత్రజని యామ్లవాయువులు పుట్టును. అవి ఊపిరితిత్తులకు హాని చేయునవి. అంతేగాక యెండలో, మండక మిగిలిన పెట్రోలు ఆవిరితో గలిసి, కండ్లను మండించి గొంతును గోకునట్టి ఓజోను పొగమంచుగా మాఱును. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున ఈ పొగమంచు ప్రజలను బాధింపగా, 1950 ప్రాంతమున హాగెన్‌స్మిట్ అను రసాయన పండితుడు దాని పుట్టుకను నిరూపించెను. ఈయన హాలెండు దేశీయుడు. అంతకుముందు అనాసపండు వాసనకు గారణమేమో శోధించుచుండినవాడు. పండు వాసనను విడదీయు నేర్పే పట్టణపు పొగను విడదీయుటకు బనికివచ్చినది. ఆ వెనుక 1961 నాటి బండ్లనుండి కాలిఫోర్నియాలో మొదటి కవాటములు వచ్చెను. 1970ల మొదటిభాగమున ఈ.జీ.ఆర్. వచ్చెను.

మన దేశమున ఈ కట్టడి యంచెలంచెలుగా వచ్చినది. భారత్ స్టేజి 4 అను నియమము 2010 ఏప్రిల్ 1 నుండి హైదరాబాదుతో గూడ 13 నగరములలోను, 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను అమలైనది. 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజి 5ను దాటి స్టేజి 6నకే బోయినారు. డీజిలు కారు కిలోమీటరునకు విడువదగిన నత్రజని యామ్లవాయువు స్టేజి 4లో 250 మిల్లీగ్రాములు. స్టేజి 6లో 80 మాత్రమే. అందుచేత నేడు మన యూళ్ల రోడ్లమీద తిరుగు డీజిలు కార్లలోను, సామానుబండ్లలోను ఈ కవాటము సర్వసాధారణమైనది. బండి మనదైనది గాని దాని కడుపులోని యీ తలుపును గూర్చి మనకెవ్వరును జెప్పలేదు.

పెట్రోలు బండిలో ఈ తలుపు స్లోలో మూసికొని యుండవలెను. మధ్యవేగమున బోవునపుడే తెఱచుకొనును. కారణము స్పష్టము: స్లోలో మంటయే చిన్నది, దానిపై నివురు గప్పినచో ఆఱిపోవును. డీజిలింజనులో స్లోయందును కొంత పొగను పంపుట కలదు, ఏలయన డీజిలునకు గాలి మిగులుగా నుండును. అయినను యంత్రము కొలిచినంతయే పంపవలెను. తలుపునకు మసి పట్టి, మూయవలసినపుడు మూసికొనక తెఱచియే యున్నచో, మితిమీఱిన పొగ లోనికి జొచ్చి గాలిని ద్రోసివేయును. గాలి చాలని డీజిలు నల్లపొగగా బయటపడును. బండి వణకును, ఒక్కొక్కపుడు ఆగిపోవును. ఇదియే మావాని బండి రోగమని తుదకు తేలినది. కాని యట్లు తేల్చిన క్రమమే మీరు గమనింపవలసినది.

మా శిష్యుడు వెంటనే పానా పట్టలేదు. మొదట ప్రశ్నలడిగెను. వణకుట చల్లని యింజనులోనా, వేడెక్కిన పిదపనా? ఇంజనాయిలు తఱచుగా పోయవలసి వచ్చుచున్నదా? రేడియేటరులో నీరు తగ్గుచున్నదా? వేగము పెంచినచో వణకు పోవునా, ఉండునా? మంచి వైద్యుడు నాడి పట్టుటకు ముందు చేయు పనియే యిది. ఆయిలు తగ్గుట లేదు, నీరు తగ్గుట లేదు, వేగము పెంచినచో వణకు పోవును అని మావాడు చెప్పెను. శిష్యుడు నాతో, "సారూ, రింగులు పోయినచో ఆయిలు త్రాగును, నీలిపొగ విడుచును. ఇది నల్లపొగ. సగము జవాబు ఇక్కడనే యున్నది" అనెను.

పొగ రంగును గూర్చి ఒకమాట. నల్లపొగ యన్నచో ఇంధన మెక్కువయో గాలి తక్కువయో. నీలిపొగ యన్నచో ఆయిలు మండుచున్నది. వేడెక్కిన తరువాతను ఆగని తెల్లపొగ యన్నచో నీరు లోనికి దిగుచున్నది, లేదా డీజిలు మండకయే పోవుచున్నది. కొండమీద పొగ కనబడినచో నిప్పున్నదని చెప్పుట వఱకే మా తర్కము. పొగ రంగునుబట్టి ఏ కట్టె మండుచున్నదో చెప్పుట ఈ మిస్త్రీల తర్కము. మాదానికంటె నిది యొక మెట్టు పైన నున్నదని నేను సభలోనైన నొప్పుకొందును.

తరువాత చవుకయైన కారణములను ముందుగా దొలగించుటకు బూనుకొనెను. గాలి ఫిల్టరు తీసి తట్టగా మన చెలకల యెఱ్ఱదుమ్ము దోసెడు రాలినది. దానిని మార్చిన పిమ్మట పొగ కొంచెము తగ్గెను, వణకు పోలేదు. డీజిలు ఫిల్టరు అడుగుననున్న మర త్రిప్పి నీటిని దింపెను; కొన్ని బొట్లు వచ్చినవి. ఇంజను కూర్చుండియుండు రబ్బరు దిమ్మలను కమ్మీతో గదలించి చూచెను. అవి చీలినచో ఇంజనులో లోపము లేకున్నను బండి యంతయు నదరును. అవియు బాగుగనే యున్నవి. గాలిగొట్టములకు వేసవి యెండలో బీటలు పడుట మనప్రాంతమున మిక్కిలి తఱచు. వానిని వంచి వంచి చూచెను. పిదప స్కానరు అను చిన్నపెట్టెను బండికి దగిలించి, ఇంజెక్టరు లన్నియు సమముగా బనిచేయుచున్నవా యని చూచెను. సమముగనే యున్నవి. ఒక్క సిలిండరే చెడినచో వణకు ఒక తాళములో, కుంటివాని నడకవలె వచ్చును. అన్నియు సమముగా దడబడుచున్నవన్నచో కారణము అన్నిటికిని ఉమ్మడియైన చోట, అనగా గాలిదారిలో నున్నది. స్కానరులో పీ 0402 అను గుఱుతును గనబడెను. దాని యర్థము, పొగ రావలసినదానికంటె నెక్కువగా మరలివచ్చుచున్నదని. తక్కువగా వచ్చినచో పీ 0401 అని చూపును.

ఇచ్చట మీకొక హెచ్చరిక చేయవలసియున్నది. పాత బండ్లలో మిస్త్రీలు నాజిలు గొట్టపు బిరడాను ఒక్కొక్కటిగా సడలించి ఏ సిలిండరు పనిచేయుటలేదో కనిపెట్టెడివారు. నేటి కామన్‌రైలు డీజిలింజనులలో అట్లు చేయరాదు. ఆ గొట్టములలో ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి వెయ్యిరెట్లు మించి పోగలదు. సన్నని చీలికనుండి చిమ్మిన డీజిలు చర్మమును దూసికొని లోనికి బోవును. చేయి తీసివేయవలసిన స్థితియు రావచ్చును. పాత యలవాటుతో ఎవరైన మిస్త్రీ పానా వేయబోయినచో వలదని వారింపుడు.

రింగులు నిజముగా బోయినవా యని తెలిసికొనుటకు శిష్యుడు చేసిన పరీక్ష మిక్కిలి సులభము, మీరును జూడవచ్చును. ఇంజను స్లోలో నుండగా ఆయిలు పోయు మూతను త్రిప్పి సడలించి, తీయక, దాని నోటిమీదనే యుంచవలెను. మూత కొంచెము కదలుట సహజము. అది గంతులు వేయుచు క్రింద బడి, నోటినుండి పొగ పుక్కిళ్లుగా వచ్చినచో, మంట పిస్టను ప్రక్కనుండి క్రిందికి దిగుచున్నదని సందేహింపవచ్చును. అప్పుడైనను తొందరపడరాదు. ఆ క్రిందిగదికి ఊపిరి తీసికొనుటకు బ్రీదరు అను గొట్టమొకటి యుండును. అది జిడ్డుతో మూసికొనిపోయినను అదే లక్షణము కనబడును. దానిని శుభ్రము చేసి, మరల పరీక్షించి, అటుపిమ్మట కంప్రెషను గేజితో గొలిచి గాని బోరు మాట యెత్తరాదు. మావాని బండిలో మూత యించుక యూగినది, అంతే. 70,000 రూపాయల మాట అక్కడితో నిలిచిపోయినది.

తుది పరీక్ష. శిష్యుడు ఇంజనును చల్లాఱనిచ్చి, పొగగొట్టమునుండి ఈ.జీ.ఆర్.కు బోవు దారిలో పలుచని రేకుముక్క నొకదానిని అడ్డముగా బిగించి, ఇంజను నడిపెను. వణకు లేదు. బండి గుమ్మడికాయవలె నిలిచియున్నది. రేకు తీసివేసి నడిపెను. మరల వణకు. మరల రేకు పెట్టెను, మరల నెమ్మది. మా శాస్త్రమున దీనినే అన్వయ వ్యతిరేకము లందురు: ఇది యున్నచో అది యుండుట, ఇది లేనిచో అది లేకుండుట. రెండును సిద్ధించినపుడే కారణము నిర్ణయమగును. మొదటి మిస్త్రీ పొగను జూచెను గాని, రెండవ భాగము చేయలేదు.

తరువాత కవాటమును విప్పి చూపెను. దాని నోరు బట్టీలోని పొగగూడు వలె నుండెను. మసియు, బ్రీదరునుండి వచ్చిన ఆయిలు ఆవిరియు గలిసి తారువలె గట్టిపడి, తలుపు తన పీఠమున గూర్చుండకుండ జేసినవి. బండిని గంటలకొలది స్లోలో నిలుపుట, ఊరినుండి ఊరికి నాలుగు మైళ్లు పోయి యాపుట, కల్తీ డీజిలు, గుఱుతుకు మించి పోసిన ఆయిలు, ఇవియన్నియు ఈ మసిని బెంచునవే. మావాడు బజారులో బేరము తెగువఱకు రాత్రియంతయు ఇంజను నడుపుచునే కూర్చుండునట. చలికాలమున వెచ్చగా నుండునని.

శుభ్రము చేయుట యెట్లన్నచో, బ్యాటరీ తీగ తీసి, ఇంజను పూర్తిగా చల్లాఱిన తరువాత కవాటమును విప్పవలెను. కార్బొరేటరు శుభ్రపఱచు స్ప్రే చల్లి, మెత్తని కుంచెతో మసి రుద్దవలెను. ఇనుప తీగతో గీకినచో పీఠము గీఱుకొని మఱి యెన్నడును సరిగా మూసికొనదు. కరెంటు మోటారుండు భాగమును ద్రవములో ముంచరాదు. తిరిగి బిగించునపుడు క్రొత్త గాస్కెట్టు వేయవలెను. కొన్ని బండ్లలో స్కానరుతో కవాటమునకు దాని మూత స్థానమును మరల నేర్పవలసియుండును. తలుపు శుభ్రపఱచినను కదలకున్నచో క్రొత్తది వేయుటయే గతి. మావానికి అంత యవసరము కలుగలేదు. ఫిల్టరుతో గూడ 2,600 రూపాయలతో బని తీఱినది. గేదెలు గాటికడనే యున్నవి.

బండి నెమ్మదించిన తరువాత మావాడు, "ఆ రేకును అట్లే యుంచినచో మరల మసి పట్టదు గదా?" అని యడిగెను. పెక్కు కార్ఖానాలలో జరుగుచున్నదిదియే. నేనును సరియే గదా యనుకొంటిని. శిష్యుడు తల యడ్డముగా నూపెను. రేకు పరీక్షకు సాధనము, చికిత్స కాదు. దారి మూసివేసినచో మంట వేడి పెరిగి, ఏ విషవాయువును దగ్గించుటకు ఈ తలుపు పెట్టిరో అదియే పెరుగును. స్టేజి 6 బండ్లలోనైనచో యంత్రము కనిపెట్టి యెఱ్ఱగనో పసుపుపచ్చగనో దీపము వెలిగించును. బలమును దగ్గించివేయుటయు గలదు. తయారుచేసినవారు పెట్టిన యమరికను మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము. ఇందొక విచిత్రము గలదు. పొగ సర్టిఫికెట్టు నిచ్చుచోట డీజిలు బండికి పొగ యెంత చిక్కగా నున్నదో మాత్రమే కొలుతురు. నత్రజని వాయువును గొలువరు. రేకు వేసిన బండికి నల్లపొగ తగ్గును గాన సర్టిఫికెట్టు సులభముగానే దొరకును! కంటికి గనబడని విషము కంటికి గనబడు మసికంటె మంచిదని తలచుటవలన వచ్చిన తప్పిది. బడి పిల్లలు రోడ్డు ప్రక్కనే నడచి పోవుదురు. వారి ముక్కునకు సర్టిఫికెట్టుతో బనిలేదు. మావాడు రేకును తీయించెను.

తెల్లపొగ వచ్చుచు, రేడియేటరు నీరు బయట నెచ్చటను కాఱకయే తగ్గుచున్నచో ఈ.జీ.ఆర్.ను చల్లబఱచు కూలరు చిల్లిపడియుండవచ్చును. దీనిని హెడ్డు గాస్కెట్టు పోయినదని పొరబడి హెడ్డు విప్పుదురు. ముందు కూలరును వేఱుచేసి గాలియొత్తిడితో పరీక్షింపుమని యడుగుడు.

పెట్రోలు కారు గలవారి కొఱకు మఱి రెండు కవాటములు చెప్పవలెను. మొదటిది పీ.సీ.వీ. వాల్వు. పిస్టను ప్రక్కనుండి దిగిన ఆవిరి వెనుకటి బండ్లలో క్రిందికి వ్రేలాడు గొట్టముద్వారా రోడ్డుమీదకే పోయెడిది. ఈ కవాటము దానిని మరల ఇంజనులోనికి బంపి మండించును. ఇది తెఱచుకొని బిగిసిపోయినను, దాని రబ్బరు గొట్టము చినిగినను, లెక్కలో లేని గాలి లోనికి జొచ్చి స్లో తడబడును. బుస్సుమను చప్పుడు వినబడును. మూసికొనిపోయినచో ఆవిరికి దారిలేక ఆయిలు సీళ్లనుండి కాఱును. పరీక్ష: స్లోలో కవాటమును దాని చోటినుండి యూడదీసి నోటికి బొటనవ్రేలు అడ్డముపెట్టినచో పీల్పు తెలియవలెను. విడిగా తీసి చెవికడ నూపినచో లోపల గలగల లాడవలెను. కొన్ని క్రొత్త యింజనులలో కవాటము మూతలోనే పలుచని రబ్బరు పొరగా నుండును; అది చినిగినచో ఆయిలు మూత గట్టిగా లోనికి లాగబడి తీయుటకే రాదు, ఈలవంటి ధ్వనియు వచ్చును.

రెండవది పర్జి వాల్వు. పెట్రోలు ట్యాంకులోని యావిరిని బొగ్గు డబ్బాలో బట్టి, తరువాత ఇంజనునకు బంపునది. పెట్రోలు పోయించుకొనిన వెంటనే బండి స్టార్టు కాక మొరాయించి, పిదప వణకుచున్నచో దీనినే యనుమానింపవలెను. చల్లని యింజనును స్టార్టు చేసి, డబ్బావైపు గొట్టము తీసి వ్రేలు పెట్టినచో పీల్పు ఉండరాదు. ఉన్నచో కవాటము మూసికొనుటలేదు.

వాక్యూము గేజి యున్న మిస్త్రీ దొరికిన నింకను మేలు. సముద్రమట్టమున మంచి పెట్రోలు ఇంజను స్లోలో 18 మొదలు 21 అంగుళములు చూపును. మన నల్లగొండ, మహబూబునగరము మెట్టప్రాంతములు 400, 500 మీటర్ల యెత్తుననున్నవి గాన ఒకటి, ఒకటిన్నర అంగుళము తక్కువ చూపుట దోషము గాదు. ముల్లు కదలక నిలిచి మిక్కిలి తక్కువ చూపినచో గాలి జొచ్చుచున్నది, లేదా ఈ.జీ.ఆర్. తెఱచియున్నది.

ఈ పరీక్షలన్నియు ఆరుబయట జేయుడు. మూసిన కొట్టములో ఇంజను నడుపుచు నిలుచున్నచో రంగును వాసనయు లేని బొగ్గుపులుసువాయువు కంటె ఘోరమైన కార్బన్ మోనాక్సైడు మనిషిని నిద్రలోవలె జంపును. గేరు తీసి, చేతిబ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టుడు. కండువాను తలకు జుట్టుకొనుడు, పంచె కుచ్చెళ్లు బిగించుడు. ఫ్యాను బెల్టునకు మర్యాద తెలియదు. ఇంజను ఆపిన తరువాతను రేడియేటరు ఫ్యాను తనంత తానే తిరుగవచ్చును.

మీలో జాలమందికి కారుకంటె ట్రాక్టరు ముఖ్యము. 50 అశ్వశక్తి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి క్రొత్త పొగ నియమములు వచ్చినవి. వానిలో నిట్టి యమరికలు గలవు. మన పల్లెలలో నెక్కువగా నున్న చిన్న ట్రాక్టర్లలో ఈ.జీ.ఆర్. సాధారణముగా నుండదు. కావున పాత పంపుగల ట్రాక్టరు స్లోలో దడబడినచో ఈ కవాటమును వెదకి కాలము పోగొట్టుకొనవలదు. ముందు గాలి ఫిల్టరు గిన్నెలోని ఆయిలును జూడుడు. పిదప డీజిలు ఫిల్టరు మీది బిరడాను సడలించి, చేతిపంపు కొట్టి, బుడగలు లేని డీజిలు వచ్చువఱకు వదలుడు. డీజిలు గొట్టములో గాలి జొచ్చినదైనచో అంతటితోనే స్లో సరియగును. కాకున్నచో నాజిళ్లను తీయించి పంపు కార్ఖానాలో పరీక్ష చేయింపుడు.